కువైట్‌కి కొత్తగా వెళ్ళిన మన గోదావరివాళ్ళకి తిండి గురించి

రాజోలు, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి కొత్తగా కువైట్ వెళ్ళినవాళ్ళకి జీతం, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి), ఇంటికి పంపాల్సిన డబ్బు, వీటి మీదే ధ్యాస ఉంటుంది. తిండికేముంది, అన్నం దొరుకుతోందిగా అనుకుంటారు. చిక్కంతా అక్కడే. మన డెల్టాలో అన్నం పక్కకి దొడ్లో తోటకూర, మునగాకు, గట్టు మీది గంగపాయల కూర, కాలవ చేపలు, గేదె పెరుగు, పక్కింటివాళ్ళిచ్చిన జామకాయలు వాటంతటవే వచ్చి చేరతాయి. అక్కడ అన్నం మిగిలి ఇవన్నీ పోతాయి. ఒక్కోదానికీ బదులు ఏముందో మీరే చూసుకోవాలి.

ముందు బియ్యం. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతోపాటే బి1 విటమిన్ చాలావరకు పోతుంది. ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్ని బెరిబెరి జబ్బు పీడించింది దీనివల్లే. ఉప్పుడు బియ్యం తినేచోట్ల అది తక్కువ. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆ జబ్బు మీద పరిశోధనతోనే మొదలైంది. కేరళవాళ్ళు కొనే ఉప్పుడు బియ్యం అక్కడి అంగళ్ళలో దొరుకుతుంది. రోజూ నోటికి ఎక్కకపోతే వారంలో కొన్ని పూటలైనా వండుకోండి. ఖుబ్బూస్ అనే అక్కడి రొట్టెలోకి ఉడికించిన సెనగలు పెట్టుకున్నా మంచిదే.

ఆడవాళ్ళు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఐరన్ విషయంలో. మన దేశపు 2020 లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి, మగవాళ్ళకి 19. మెట్లెక్కితే ఆయాసం, లేవగానే కళ్ళు తిరగడం, కనురెప్పల లోపల పాలిపోవడం కనిపిస్తే పనివల్ల అలసట అని సరిపెట్టుకోకండి. ఖర్జూరం తింటే రక్తం పడుతుందని అందరూ చెబుతారు. ఓపికకి మంచిదేగానీ వంద గ్రాములు తిన్నా ఐరన్ ఒక మిల్లీగ్రాము దరిదాపులోనే ఉంటుంది, పంచదార మాత్రం దండిగా ఉంటుంది. దానికన్నా మాంసం, మితంగా లివరు, పప్పులు, ఆకుకూరలు నయం.

కుక్కర్ లేని గదిలో కూడా అయ్యే వంట ఒకటి చెబుతాను. ఎర్ర మసూర్ పప్పు కడిగి పొయ్యి మీద పెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. గుప్పెడు పాలకూర తరిగి వేసి, రెండు పొంగులు రాగానే దించండి. వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టి, నిమ్మకాయ మాత్రం దించాకే పిండండి. సి విటమిన్ వేడికి నిలవదు. ఆకుకూరల్లోని, పప్పులోని ఐరన్ ఒంటికి పట్టడానికి ఆ పులుపే సాయం. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఫలితం తగ్గిపోతుంది. కనీసం గంట ఆగండి. అరబ్బుల ఇళ్ళల్లో రోజంతా తీపి టీ నడుస్తూనే ఉంటుంది, తెలియకుండానే బోలెడు పంచదార పడిపోతుంది. కుటుంబంలో షుగరు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త.

ఎండకి కొదవలేని దేశంలో డి విటమిన్ లోపమా అని ఆశ్చర్యపోతారు. కానీ అక్కడ అది మామూలే. మన ఊళ్ళో ఊడ్పులకో, వడియాలు పెట్టడానికో ఎండలోకి వెళ్ళేవాళ్ళు అక్కడ ఏసీ ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే ఆ ఎండలో డి విటమిన్ తయారవుతుంది, కాసేపు చేతులకీ ముఖానికీ తగలనివ్వండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం మాత్రం వద్దు. ఆ మూడు నెలలూ పదకొండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పనులు ప్రభుత్వమే ఆపేస్తుంది. నడుము, తొడలు, పిక్కలు అదేపనిగా లాగుతుంటే బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళి పరీక్ష చేయించుకోండి. డి మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు, మోతాదు మించితే హాని.

ముల్లుతో సహా తినే మెత్తళ్ళు మనకి కాల్షియం ఇచ్చేవి. దానికి బదులు సార్డిన్ చేపల డబ్బా ఉంది, మన కవళ్ళలాంటివే. డబ్బాలో ముల్లు మెత్తబడిపోతుంది, తీసేయకండి. చింతపండు పులుసు పెడితే మన రుచే. జుబైదీ అని అమ్మేది మన చందువే. చేప పడనివాళ్ళకి లబన్ ఉంది, మజ్జిగలాగే ఉంటుంది. బి12 మొక్కల తిండిలో దొరకదు కాబట్టి శాకాహారులు పాలు, పెరుగు మానొద్దు.

ఇళ్ళల్లో పనిచేసే అక్కలూ, చెల్లెళ్ళూ, యజమాని ఇంటివాళ్ళు తిన్నాక మిగిలింది ఏ రాత్రో తినడం అలవాటు చేసుకోవద్దు. గుడ్డు, లబన్ కావాలని మేడమ్‌ని అడగడానికి మొహమాటం పడకండి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. తిండి పెట్టడం యజమాని బాధ్యత.

ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, ఎండు చేపలు రోజూ కూరకి బదులుగా వేసుకోకండి. రోజుకి ఉప్పు అయిదు గ్రాములు, అంటే సుమారు టీ చెంచాడు, దాటకూడదు. బీపీ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఇంకా బయలుదేరనివాళ్ళు ఊళ్ళోనే రక్తం, షుగరు, బీపీ చూపించుకుని ఆ కాగితాలు వెంట తీసుకెళ్ళండి. మాత్రలేవైనా ఉంటే డాక్టరు చీటీతోనే పెట్టుకోండి. ఇక్కడ మామూలుగా రాసే కొన్ని నొప్పి మందుల మీద అక్కడ కఠినమైన ఆంక్షలున్నాయి.