పాత ఫోర్ బై ఫోర్ కొనేముందు: ఒక్క జాకీతో పరీక్ష

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి. అలాంటి పాత జిప్సీయో థారో చవగ్గా అమ్మకానికి వస్తుంది. "ఇంజన్ పని కొంచెం ఉందండీ, ఫోర్ బై ఫోర్ మాత్రం పక్కా" అంటాడు అమ్మేవాడు. స్టార్టే కాని బండిని నడిపి చూసేదెలా?

జాకీ ఒకటి, నాలుగు రాళ్లు చాలు. చదునైన గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టి, ఫస్ట్ గేర్‌లో ఉంచండి. ముందువైపు చక్రం ఒక్కటే పైకి లేపండి. గేర్ రాడ్ పక్కనుండే చిన్న లివర్ 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి) ఉంటే ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. ముందు చక్రాల మధ్యలో, చక్రాన్ని యాక్సిల్‌కు (ఇరుసుకు) కలిపే హబ్‌లు లాక్ చేసి, లివర్ 4హెచ్‌లోకి (నాలుగు చక్రాలకూ శక్తి) వేశాక బిగుసుకోవాలి. కొద్దిగా ఆడటం మామూలే.

అప్పుడూ తిరుగుతోందా? పక్కనుంచి టార్చి వేసి, ముందు యాక్సిల్‌కు శక్తిని చేరవేసే పొడవాటి కడ్డీని, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చూడండి. అదీ తిరుగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) పట్టుకోవట్లేదు, లేదా లివర్ లింకేజీ సరిగా లేదు. షాఫ్ట్ కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే గొడవ హబ్‌లోనో యాక్సిల్‌లోనో ఉన్నట్టు. ట్రాన్స్‌ఫర్ కేస్ పని మామూలుగా బాగా ఖర్చు, బేరం దాన్నిబట్టే ఆడండి.

ఆటోమేటిక్, వాక్యూమ్ హబ్‌లున్న బండ్లకు ఇది పనికిరాదు. ఇంజన్ నడిస్తేనో, బండి కదిలితేనో అవి లాక్ అవుతాయి. ఆగి ఉన్న బండిలో చక్రం తిరిగినంత మాత్రాన పాడైనట్టు కాదు. జాకీ మీదున్న బండి కిందికి మాత్రం దూరకండి.