వెనక చక్రం విప్పే ముందు జాగ్రత్తలు

మాడిఫై చేసిన బుల్లెట్‌కి వెడల్పు టైరు వేస్తున్నారా?

- ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. తిరుగుతున్న చైను దగ్గర వేలు పెట్టొద్దు.
- సెంటర్ స్టాండ్ పీకేసిన బండైతే ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని నేల నుంచి లేపి నిలబెట్టే విడి స్టాండు) తెచ్చుకోండి. ఇటుకలు వద్దు బాబూ!
- యాక్సిల్ (చక్రం ఇరుసు) లాగకముందే స్పేసర్లు (ఇరుసు మీద చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టం ముక్కలు) ఏది ఎటుందో ఫొటో తీసుకోండి. నేనోసారి అటుది ఇటు వేశాను. చక్రం పక్కకి జరిగి చైను టైరు అంచుని గీకి, నల్లటి రబ్బరు పొడి రాల్చింది.
- అందుకే టైరుకీ చైనుకీ మధ్య సందు చూడాలి. చాలకపోతే ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ (చైనుని టైరుకి దూరంగా జరిపే పళ్ల చక్రం) వేయాలి, అదీ ముందూ వెనకా రెండూ ఒకే వరసలో ఉండేలా.
- చక్రం తిన్నగా కూర్చుందో లేదో చూడ్డానికి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి లాంటి చట్రం) మీది గుర్తుల్ని నమ్మకండి. పివట్ (స్వింగార్మ్ బండి ఫ్రేముకి కలిసే చోటు) నుంచి యాక్సిల్ దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి.
- చైను రెండు కొసల్నీ కలిపే లింకు క్లిప్పు మూసిన కొస చైను తిరిగే వైపుకే ఉండాలి.
- కాటర్ పిన్ను (యాక్సిల్ నట్టు ఊడకుండా ఆపే పిన్ను) కొత్తదే వేయండి.