హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి అసలు ఎన్ని గంటలు? టికెట్ చూసి లెక్కేయడం ఇలా

టికెట్ మీద ఉండే రెండు టైములూ ఒకే గడియారానివి కావు, ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో ఉదయం 10:00కి ఎక్కి అక్కడ 12:15కి దిగుతారని రాసి ఉంటే రెండుంపావు గంటలే అనుకోకండి, దానికి గంటన్నర కలపండి, 3:45 గంటలు. తిరుగు ప్రయాణంలో అదే గంటన్నర తీసేయాలి. రాత్రి 10:00కి అక్కడ బయల్దేరి ఇక్కడ తెల్లవారుజామున 3:00కి దిగితే 5 గంటలు కాదు, మూడున్నరే.

మా అమ్మ షుగర్ మాత్ర టైముకి వేసుకోవాలి కాబట్టి నాకు ఈ లెక్క చాలా ముఖ్యం. టికెట్ వెనకాల ఇండియా టైములోనే మాత్ర వేళ పెన్నుతో రాసిచ్చాను, వాచీ మార్చొద్దని చెప్పాను.

దూరం నుంచి కూడా అంచనా వేయొచ్చు. నేరుగా గీత గీస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 850 వేసుకుంటే 3 గంటలు, రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం, కాస్త చుట్టు దారి, వీటికి ఇంకో 45 నిమిషాలు. వచ్చేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి తొందరగా వచ్చేస్తారు.

కరీంనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్‌కి కారులో దాదాపు 4 గంటలు వేసుకోండి, ఎయిర్‌పోర్టులో 3 గంటల ముందే ఉండాలి.