మాటలు తడబడే మనిషి మాటకారిని ఆడాలంటే

మా ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ తుడిచేసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రలో ఉండి మాటలతోనే కథ నడుపుతూ, అనుకున్నది జరిగిందో లేదో డైస్ వేసి తేల్చుకునే ఆట ఇది. రూల్స్ ఐదో ఎడిషన్‌వి, మాటలు తెలుగువి. నేను డీఎంని. అంటే కథ నడిపేదాన్ని. ఆటగాళ్ల పాత్రలు పోను ఊళ్లో మిగతా జనం అందరి తరఫునా మాట్లాడేది నేనే.

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం, కోట గేటు దగ్గర కాపలావాడు మావాళ్లని ఆపాడు. కిన్నెర అనే బార్డ్‌ని, అంటే గాయకుణ్ణి, ఆడే తమ్ముడికి నలుగురిలో మాట్లాడాలంటే నత్తి వస్తుంది. అందుకే ఏరికోరి మాటకారి పాత్ర తీసుకున్నాడు. చరిష్మా (ఎదుటివాళ్లని ఆకట్టుకునే శక్తి) 16, పర్సుయేషన్‌లో (ఒప్పించడంలో) ప్రొఫిషెన్సీ, అంటే నేర్పు, మొత్తం ప్లస్ 5. ఒప్పించేటప్పుడు ఇరవై ముఖాల డైస్ మీద పడిన అంకెకి ఆ 5 కలుస్తుంది. "కాపలావాణ్ణి ఒప్పించి లోపలికి వెళ్తాను అక్కా" అన్నాడు. "ఎలా ఒప్పిస్తావో మాట్లాడి చూపించు" అన్నాను. నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఫ్యాన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఇంతలో భల్లూకం అనే బార్బేరియన్‌ని, అంటే కండబలం ఉన్న యోధుణ్ణి, ఆడే అతను అందుకున్నాడు. మెడికల్ రెప్, మాటలు అతని సొత్తు. రెండు నిమిషాలు దంచేశాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేను డైస్ కూడా అడక్కుండా గేటు తీసేశాను. ఆ భల్లూకం చరిష్మా 8.

తర్వాత రెండు ఆదివారాలు తమ్ముడు రాలేదు. తప్పు పూర్తిగా నాది. భల్లూకం తలుపు బద్దలు కొడతానంటే వెళ్లి గ్యాస్ సిలిండర్ ఎత్తి చూపించమని నేనెప్పుడూ అడగలేదు. మాట దగ్గర మాత్రం మనిషికి పరీక్ష పెట్టాను. ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, అదే గేటు మళ్లీ ఆడిద్దామన్నాను. ఆ రోజు నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది. కొత్తగా డీఎం సీట్లో కూర్చునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, అడిగే ప్రశ్న మార్చండి. "మాట్లాడి చూపించు" అనడం మానేసి, "నీకేం కావాలి? ఏ విషయం పట్టుకుని అడుగుతున్నావు?" అనండి. మన భాషలో దీనికి 'అని' అనే చక్కని సాయం ఉంది. "లోపల చెల్లెలు జ్వరంతో ఉందని, మందు ఇచ్చి తెల్లారేలోపు వచ్చేస్తానని చెప్తాను." అంతే, పని అయిపోయింది. గొంతు మార్చక్కర్లేదు, డైలాగ్ అక్కర్లేదు. ఇది తక్కువరకం ఆట అని ఎవరైనా అంటే నమ్మకండి. 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ పుస్తకంలోనే, పాత్ర ఏం చేస్తుందో వర్ణించి చెప్పడం, పాత్రలా మాట్లాడటం, రెండూ రోల్‌ప్లేయింగేనని ఉంది.

మంచి విషయం పట్టుకోవాలంటే, పట్టుకోవడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ఆ పని మీది. ఆటకి ముందు ప్రతి ముఖ్యమైన మనిషికీ నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం కావాలి, దేనికి భయం, ఏది చచ్చినా ఒప్పుకోడు, ఇప్పుడు మూడ్ ఎలా ఉంది. నా కాపలావాడికి ఇలా రాశాను. డ్యూటీ మారాల్సినవాడు రాలేదు, పొద్దుటి నుంచి తిండి లేదు. దళపతి రౌండ్లకి వస్తాడని భయం. ఆయుధాలు లోపలికి చచ్చినా పోనివ్వడు. చిరాగ్గా ఉన్నాడు. ఆటగాళ్లకి ఇవన్నీ దాచిపెట్టకండి. వాడు మాటిమాటికీ వీధి చివరకి చూస్తున్నాడని, పక్కనున్న ఖాళీ టిఫిన్ గిన్నెని కాలితో తోశాడని చెప్పండి. ఇంకా లోతుగా తెలియాలంటే ఇన్‌సైట్ (ఎదుటివాళ్ల మనసు కనిపెట్టే నేర్పు) డైస్ వేయించండి.

ఇక లెక్క. డైస్ మీద పడింది, పాత్ర ప్లస్ కలిపి ఎంతకి చేరితే పని అవుతుందో ఆ అంకెని డీసీ అంటారు. మామూలు కష్టానికి డీసీ 15. చెప్పిన విషయం వాడి అవసరాన్ని తాకితే 10కి దించుతాను, లేదా అడ్వాంటేజ్ ఇస్తాను, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం. భయాన్ని రెచ్చగొడితే 20. ఎంత బాగా నటించారన్నది ఈ లెక్కలోకి రాదు. ఏం చెప్పారన్నదే వస్తుంది. డీసీ 15కి కిన్నెర ప్లస్ 5తో వేస్తే 10 గానీ పైన గానీ పడాలి, నూటికి 55 వంతులు. మైనస్ 1 ఉన్న భల్లూకానికి 16 పడాలి, నూటికి 25 వంతులు. ఇద్దరికీ అడ్వాంటేజ్ ఇచ్చి చూడండి. కిన్నెరకి దాదాపు 80, భల్లూకానికి 44. ఆలోచనకి విలువ దక్కింది, పాత్ర వివరాల షీట్ మీద రాసుకున్న చరిష్మా 16కీ దక్కింది. నాకు ఈ రెండూ ముఖ్యమే.

అసలు డైస్ వేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. కృష్ణుడంతటి మాటకారి రాయబారం వెళ్లి ఐదూళ్లు అడిగితేనే దుర్యోధనుడు ఇవ్వలేదు. ఒప్పుకోడని రాసుకున్న విషయం మీద 20 పడినా ఒప్పుకోడు. ఆ సంగతి డైస్ చేతిలోకి తీసుకోకముందే చెప్పేయండి: "గొడ్డలితో మాత్రం పోనివ్వడు, ఇంకేమైనా అడుగుతావా?" అలాగే అడిగింది చిన్నదై, ఇచ్చేది పెద్దదైతే డైస్ అక్కర్లేకుండానే పని జరిగిపోవాలి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది వరుస మార్చడం. ముందు డైస్, తర్వాత నటన. పాత పద్ధతిలో భల్లూకం అద్భుతంగా మాట్లాడాక 4 పడితే అందరికీ అన్యాయంలా అనిపించేది, నాకేమో గేటు తీసేయాలనిపించేది. ఇప్పుడు ఫలితం ముందే తెలుసు. 4 పడింది, "ఎక్కడ చెడిందో నువ్వే చెప్పు" అంటాను. మొన్న దళపతి ముందు అతనే ఎంతో మర్యాదగా మొదలుపెట్టి, చివర్లో "సరేనా రా" అనేశాడు. బల్ల దగ్గర అందరూ తల పట్టుకున్నారు. నటించే సరదా అతనికి ఏమీ తగ్గలేదు, పెరిగింది.

ఆ 'రా' గురించి ఒక మాట. ఇంగ్లీషులో ఆడేవాళ్లకి లేని సౌకర్యం మనకి ఉంది. కాపలావాడి మూడ్ ఎలా మారిందో నేను విడిగా చెప్పను. "ఏయ్, ఎవర్రా అక్కడ" అని మొదలైనవాడు "ఎక్కడికి వెళ్తున్నావ్"కి వస్తాడు, ఇంకా నమ్మకం కుదిరితే "ఎక్కడి నుంచి వస్తున్నారు" అంటాడు. ఒక్కోసారి 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగితే అది కోపం కాదు, చనువు. ఆ తేడా గొంతులో తెలియాలి. ఆటగాళ్లు కూడా నటించనక్కర్లేదు, "అండీ అని పిలుస్తూ అడుగుతాను" అంటే చాలు, నాకు ఒక విషయం దొరికినట్టే.

ఒక సీన్‌కి ఒకే డైస్. ఒకరిది పోయిందని మిగతా నలుగురూ వరసగా వేస్తూ పోతే ఎవరిదో ఒకరిది పడి తీరుతుంది. ఇక మాటకారి పాత్రకి అర్థమేముంది? పక్కవాళ్లు సాయం చేయొచ్చు, అప్పుడు అడ్వాంటేజ్ ఇస్తాను. ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్ర మీద పర్సుయేషన్ వేయడం మాత్రం మా బల్ల దగ్గర లేదు. వాళ్లు మనుషుల్లా మాట్లాడుకుని తేల్చుకోవాలి.

మాటల్ని డైస్‌కి అప్పగించడం ఈ మధ్య మొదలైన సోమరితనం అనేవాళ్లున్నారు. 1974లో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే ఎదురైనవాళ్లు మనతో ఎలా ఉంటారో తేల్చడానికి రెండు ఆరుముఖాల డైస్ వేసేవారు. 2000లో మూడో ఎడిషన్ డిప్లొమసీ (రాయబారం), బ్లఫ్ (బుకాయింపు), ఇంటిమిడేట్ (బెదిరింపు) అని విడి స్కిల్స్‌గా పెట్టింది. మీ బల్ల దగ్గర అందరికీ నటనే ఇష్టమైతే అలాగే ఆడండి, కానీ పాత్రలు తయారుచేసే రోజునే చెప్పేయండి. అప్పుడు ఎవరూ చరిష్మాకి 16 ఖర్చు పెట్టి మోసపోరు.

ఆ గేటు దగ్గరికి మళ్లీ వెళ్లిన రోజు, ఖాళీ గిన్నె సంగతి చెప్పగానే తమ్ముడు తన షీట్‌లో సామాన్ల జాబితా చూసుకున్నాడు. "నా దగ్గర రొట్టెలున్నాయి. ముందు వాడికి పెడతాను. వాడు తింటుండగా మందు సంగతి చెప్తాను." డీసీ 10కి దించాను. డైస్ మీద 12, మొత్తం 17. "గేటు తీస్తున్నాడు" అని నేను చెప్పబోతుంటే, తమ్ముడు ఎవరూ అడక్కుండానే చెయ్యి ముందుకు చాచి, ఆగి, మళ్లీ మొదలుపెట్టి అన్నాడు: "త... తిను అన్నా, ఇంకా వెచ్చగానే ఉంది."

ఎవరూ తొందరపెట్టలేదు. కాపలావాడు రొట్టె అందుకుని, "మీరు తిన్నారా?" అన్నాడు.