పాత ఫిల్మ్ కెమెరా డయల్ తిరగట్లేదా? స్క్రూ విప్పే ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతికి అటక మీది కెమెరాలు దిగే రోజులివి.

• నూనె చుక్క కూడా వద్దు. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టినా, కుట్టుమిషన్ నూనె వేసినా డయల్ ఆ పూటకి తిరుగుతుంది. తర్వాత ఆ నూనె మెల్లగా పాకి షట్టర్ రేకులకి అంటుకుంటుంది. ఆ రిపేరు ఖర్చుతో ఒక్కోసారి ఇంకో కెమెరా వస్తుంది. సాధారణంగా డయల్‌ని పట్టేసేది గట్టిపడిన పాత గ్రీజు. పుల్ల కొనతో కాస్త లైటర్ ఫ్లూయిడ్ పెట్టి, ఆగి, తిప్పి చూడండి. స్టవ్‌కి దూరంగా, కిటికీ తీసి.

• నెయిల్ పాలిష్ రిమూవర్ అసలొద్దు. ప్లాస్టిక్ కరుగుతుంది, అంకెల రంగు పోతుంది.

• బిగుసుకుందా, లాకా? పెంటాక్స్ కె1000లో ఏఎస్ఏ (ఫిల్మ్ స్పీడు అంకె) మార్చాలంటే షట్టర్ డయల్ అంచుని పైకెత్తి తిప్పాలి.

• జోర్కీ-4 (పాత సోవియట్ కెమెరా) అయితే ముందు వైండ్ చేయండి, అంటే ఫిల్మ్‌ని ముందుకి తిప్పండి, తర్వాతే షట్టర్ స్పీడు మార్చండి. లేదంటే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

• జపాన్ కెమెరాలకి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ కావాలి. మామూలు ప్లస్‌ది జారి స్క్రూ తల అరిగిపోతుంది.

• డయల్ ఎత్తే ముందు ఫొటో తీసుకోండి. మినోల్టా ఎస్ఆర్‌టీలో డయల్‌నీ, వెలుతురు కొలిచే మీటర్‌నీ కలిపేది సన్నటి దారం. తెగితే ఇంట్లో అయ్యే పని కాదు.

• కింద తెల్లగుడ్డ పరవండి. క్లిక్ ఇచ్చే ఆవగింజంత స్టీలు గుండు ఎగిరి పడుతుంది.