బ్లూ పిల్ బోర్డులో బూట్‌లోడర్ నుంచి మన ప్రోగ్రాంకి దూకడం ఎలా

బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకెళ్లి బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి తెచ్చుకోండి చాలు, దాంట్లో ఉండేది ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్, 20 కేబీ ర్యామ్.

రీసెట్ అవ్వగానే ప్రాసెసర్ అడ్రస్ 0లో ఉన్న విలువని స్టాక్ పాయింటర్‌లో (తాత్కాలిక డేటా ర్యామ్‌లో ఎక్కడ పెట్టాలో చెప్పే రిజిస్టర్) పెట్టుకుని, అడ్రస్ 4లో రాసున్న చోటికి దూకుతుంది, అంతే. బూట్0 పిన్ 0లో ఉంటే అక్కడ కనపడేది ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ), అంటే 08000000 (హెక్స్) దగ్గర మనం ఎక్కించిన బూట్‌లోడర్ (ముందు తను నడిచి, తర్వాత అసలు ప్రోగ్రాంని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం).

మొదటి 16 కేబీ దానికి వదిలేసి, అసలు ప్రోగ్రాం లింకర్ స్క్రిప్టులో (ప్రోగ్రాం మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైలు) ఫ్లాష్ మొదలు 08004000 అని మార్చండి. బూట్‌లోడర్ చివర్లో ఇంటరప్టులు (చేస్తున్న పని ఆపి వేరే ఫంక్షన్‌కి వెళ్లమనే సిగ్నల్స్), సిస్‌టిక్ టైమర్ ఆపేసి, వీటీఓఆర్ రిజిస్టర్లో (ఏ ఇంటరప్టుకి ఎక్కడికి వెళ్లాలో రాసుండే వెక్టర్ టేబుల్ ఎక్కడుందో చెప్పేది) 08004000 పెట్టి, అక్కడున్న విలువని స్టాక్ పాయింటర్‌కిచ్చి, 08004004లో ఉన్న అడ్రస్‌కి దూకాలి.

ఇక్కడే నాకు రెండు రాత్రులు పోయాయి. ప్రోగ్రాం మొదలవుతుంది కానీ మొదటి ఇంటరప్టుకే హ్యాంగ్, చూస్తే లైబ్రరీలోని సిస్టమ్‌ఇనిట్ (మెయిన్ కంటే ముందు నడిచే ఫంక్షన్) మళ్లీ వీటీఓఆర్‌ని 08000000 చేసేస్తోంది, అందుకే అక్కడ కూడా వెక్టర్ టేబుల్ ఆఫ్‌సెట్ 4000 హెక్స్ అని తప్పకుండా మార్చండి, ఆపిన ఇంటరప్టుల్ని మెయిన్‌లో మళ్లీ ఆన్ చేయండి.

ఇంకోటి, కోడ్ మొత్తం ర్యామ్‌లోకి కాపీ అవ్వదు, ఫ్లాష్‌లోంచే నడుస్తుంది. స్టార్టప్ కోడ్ గ్లోబల్ వేరియబుల్స్ మొదటి విలువల్ని మాత్రమే ర్యామ్‌లోకి తెచ్చి, విలువ ఇవ్వనివి సున్నా చేసి, మెయిన్‌ని పిలుస్తుంది.