పాత్రకు ప్రాణం రాకపోతే: ఎక్కడ తేడా వచ్చింది, ఎలా సరిచేయాలి

గోదావరి డెల్టా నేపథ్యంగా కథో నవలో రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులివి. చాలావాటికి మూలం ఒక్కటే. పాత్ర గతాన్ని సమాచారంగా రాసుకుంటాం, ఆ మనిషి ఇవాళ చేసే పనికి ముడిపెట్టం. ఉదాహరణకు ఒక కల్పిత మనిషిని తీసుకుందాం: సూర్రావు, వయసు 40, అమలాపురం దగ్గర రొయ్యల చెరువు కౌలుకు చేస్తాడు. కథాకాలం 2024.

సమస్య: నోట్సు పది పేజీలుంది, కథలో పాత్ర కదలదు

కారణం: రాసుకున్నవన్నీ ఇష్టాయిష్టాలు. ఏ రంగు ఇష్టం, ఏ కూర ఇష్టం, ఎత్తెంత. వీటిలో ఏదీ అతణ్ని ఒక పనికి పురిగొల్పదు, ఒక పనిని మాన్పించదు.

పరిష్కారం: గతంలోని ప్రతి సంఘటన కిందా "అందుకే ఇప్పుడు..." అని మొదలుపెట్టి ఒక వాక్యం పూర్తిచేయండి. పూర్తికాని సంఘటనను కొట్టేయండి. ఎంత అందంగా ఉన్నా సరే, ఉంచకండి.

సూర్రావు సంగతే చూడండి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వాళ్ల కొబ్బరితోట పడిపోయింది. ఇంతవరకే రాస్తే అది వార్త. నాన్న మళ్లీ మొక్కలు నాటాడు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ ఇంట్లోకి కాయ డబ్బు రాలేదు, సూర్రావు చదువు పదో తరగతితో ఆగిపోయింది. అందుకే ఇప్పుడు చెట్టు మీద రూపాయి పెట్టడు. వనామీ రొయ్య అయితే మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది కాబట్టి చెరువు చేస్తాడు. అందుకే బావగారు చవగ్గా ఇస్తానన్న తోటను వద్దంటాడు. అందుకే కూతురు చదువుకు ఫీజు కట్టాల్సిన నెలలో కూడా చేతిలో ఉన్న డబ్బు మేతకే తీస్తాడు. ఒక్క తుపాను నుంచి మూడు నిర్ణయాలు వచ్చాయి. ఆ మూడో దానిలో కథ ఉంది.

ఇలా రెండు మూడు సంఘటనలు దొరికితే చాలు. ఆ తర్వాత మరో మూడు వాక్యాలు రాయండి: ఇప్పుడు అతనికి ఏం కావాలి, దేనికి భయపడతాడు, ఏ పని చచ్చినా చేయడు. మూడోది ముఖ్యం. కథ అతణ్ని చివరికి ఆ పని దగ్గరికే తీసుకెళ్లాలి.

సమస్య: వయసుకూ జ్ఞాపకాలకూ పొంతన కుదరదు

కారణం: ఊరి చరిత్రనూ పాత్ర వయసునూ విడివిడిగా గుర్తుపెట్టుకుని రాయడం.

పరిష్కారం: కాగితం మీద మూడు గళ్లు గీయండి. సంవత్సరం, పాత్ర వయసు, ఆ ఏడు చుట్టుపక్కల జరిగింది. సూర్రావు పుట్టింది 1984లో. 1986 ఆగస్టు వరద నాటికి రెండేళ్లవాడు, కాబట్టి అది అతనికి అమ్మ చెప్పిన కథే. కళ్లారా చూసినట్టు రాయకూడదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు అతనికి పదకొండేళ్లు, తుపానుకు పన్నెండు. ఆ రెండూ సొంత జ్ఞాపకాలే. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు అటు వెళ్లిన మనిషి పంటు (మనుషుల్నీ బళ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి ఏరు దాటాలి, రేవులో కాచుక్కూర్చోవాలి. 1998 నాటి ఘట్టంలో అతణ్ని ఆ వంతెన మీద బండెక్కిస్తే, అక్కడి పాఠకుడు వెంటనే పుస్తకం మూసేస్తాడు.

సమస్య: అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు

కారణం: గోదావరి యాస అంటే ప్రతి వాక్యానికీ "ఆయ్", "అండీ" తగిలించడమే అనుకోవడం. మాట తీరు జిల్లాను బట్టి మాత్రమే ఉండదు. ఎవరితో మాట్లాడుతున్నాడో, ఏ పని చేసుకుని బతుకుతున్నాడో దాన్ని బట్టి మారుతుంది.

పరిష్కారం: ఒకే అవసరాన్ని ఒకే మనిషి చేత ముగ్గురి దగ్గర మాట్లాడించండి. సూర్రావుకు డబ్బు కావాలి.

చెరువు యజమానితో, కట్టాల్సిన కౌలు డబ్బు (మక్తా) గురించి: "ఆయ్, మొన్న తవరన్నారు కదండీ... ఆ మక్తా సంగతి... ఓ పదిరోజులు ఆగితే పట్టుబడి అయిపోద్దండి."

బావమరిదితో: "ఒరే, ఐదేలుంటే సర్దరా. మళ్లీ అడిగితే చెప్పుచ్చుక్కొట్టు."

ఇంట్లో భార్యతో: "ఆ డబ్బుల మాట ఇప్పుడెందుకు? అన్నం పెట్టు."

యజమాని ముందు అసలు మాట చివరికి వచ్చింది. బావమరిది ముందు మొదటే వచ్చింది. భార్య ముందు రానే లేదు. యాస గుర్తులు తక్కువే ఉన్నా మనిషి తెలిశాడు.

ఇక వృత్తి. చెరువు మనిషి లోకాన్ని కౌంటులో (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), మేత బస్తాల్లో, కరెంటు గంటల్లో లెక్కవేస్తాడు. వరి కౌలుదారు సార్వా (తొలి పంట), దాళ్వా (రెండో పంట) అని కాలాన్ని కొలుస్తాడు. దింపు తీసేవాడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసేవాడు, మనిషిని చూడకముందే వాళ్ల పెరట్లో చెట్లను చూస్తాడు. వృత్తి ఒంటికి కూడా పడుతుంది. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే కరెంటు యంత్రాలు) ఆగితే రొయ్య చచ్చిపోతుంది. అందుకని సూర్రావు హైదరాబాదులో చుట్టాలింట్లో పడుకున్నా, కరెంటు పోయి ఫ్యాను ఆగగానే లేచి కూర్చుంటాడు. ఆ ఒక్క కదలిక రెండు పేజీల పరిచయం పని చేస్తుంది.

పరీక్ష: సంభాషణలో పేర్లు మూసి చదవండి. ఎవరి మాట ఏదో తెలియకపోతే ఇంకా పని ఉంది.

సమస్య: గతమంతా మొదటి అధ్యాయంలోనే అయిపోయింది

కారణం: పాఠకుడికి అర్థం కాదేమోనన్న భయం.

పరిష్కారం: ముందు ప్రవర్తన చూపించండి, కారణం కనీసం రెండు ఘట్టాల తర్వాత చెప్పండి. గాలి లేవగానే సూర్రావు బయటికొచ్చి ఇంటి పక్కనున్న కొబ్బరిచెట్టు వైపు చూస్తాడు, మంచం అటు గోడ నుంచి ఇటు గోడకు జరుపుతాడు. అక్కడ ఆపండి. పాఠకుడు "ఎందుకు?" అనుకున్నాకే తుపాను మాట ఎత్తాలి, అదీ ఎవరైనా అడిగితే, సగమే.

సమస్య: ప్రతినాయకుడు ఊరికే చెడ్డవాడు

అతని వైపు లెక్క రాయలేదన్నమాట. చెరువు ఉప్పునీళ్లు పంట బోదెలోకి (చేలకు నీళ్లిచ్చే చిన్న కాలువలోకి) వదిలేవాడు పక్క చేను చావాలని వదలడు. మురుగు కాలువ పూడిపోయి నీళ్లు తీయడం లేదు, వ్యాపారి లారీ రేపొస్తోంది, బ్యాంకు వాయిదా దగ్గరపడింది. అదే ఘట్టాన్ని ఒకసారి అతని కళ్లతో ఒక పేజీ రాయండి. పుస్తకంలో పెట్టనక్కర్లేదు. ఆ పేజీలో అతని లెక్క సరిపోతే, పుస్తకంలో అతని మాట బరువెక్కుతుంది.

సమస్య: గల్ఫు నుంచి వచ్చిన పాత్ర సినిమా పాత్రలా ఉంది

కారణం: గల్ఫు వెళ్లొచ్చినవాళ్లను అడగాల్సినవి అడగకపోవడం. "అక్కడ ఎలా అనిపించింది?" అంటే అందరూ ఒకే జవాబిస్తారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, జీతం ఎవరి ఖాతాలో పడేది, ఇల్లు ఎవరి పేరున కట్టారు, తిరిగొచ్చాక పిల్లలు మొదట ఎవరి దగ్గరికి వెళ్లారు, ఇవి అడగండి. ఇంటి పట్టా తన అన్న పేరున ఉన్న ఆడమనిషి ఆ అన్నతో మాట్లాడే ప్రతి మాటా వేరుగా ఉంటుంది.

విన్నది విన్నట్టు దించకండి. ఇద్దరు ముగ్గురి సంగతులు కలపండి, ఊరు మార్చండి, వరస మార్చండి. చెప్పిన మనిషిని ఊళ్లోవాళ్లు గుర్తుపట్టేలా రాస్తే, ఆమెకు మనం చేసే అన్యాయం అది.

సమస్య: పాత్ర ఉన్నట్టుండి మారిపోయింది

మారిన ఘట్టానికి ముందు మూడు చోట్ల అతని పట్టుదల కాస్త కాస్త సడలినట్టు చూపారా, వెనక్కి వెళ్లి వెతకండి. లేకపోతే ఆ మూడు చోట్లూ రాయండి. రాయడానికి మనసొప్పకపోతే అతను మారేవాడు కాదు, మార్చాల్సింది కథనే.

సమస్య: పాఠకుడు ఎవరెవరో కలగాపులగం చేసుకుంటున్నాడు

కారణం: అన్నవరం స్వామి పేరు ఈ ప్రాంతంలో ఇంటింటా ఉంటుంది. సత్యనారాయణ, సత్యవతి, సత్తిబాబు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండటం నిజమే, కాగితం మీద మాత్రం కళ్లు తడబడతాయి.

పరిష్కారం: ఆ పేరు ఒక్కరికే ఉంచండి. మిగతావాళ్లకు మొదటి అక్షరం, పొడవు వేరుగా ఉన్న పిలుపు పేర్లు పెట్టండి: చిట్టెమ్మ, బుజ్జి, పెదకాపు. రేషన్ కార్డు మీది అసలు పేరు ఒక్క చోట, అదీ ఆఫీసులో ఎవరో బిగ్గరగా పిలిచినప్పుడు వస్తే సరిపోతుంది.